వేళ్లు పైకి జరిపితే అక్షరం చిన్నదవుతోందేం?

ప్రశ్న: నాకు చూపు తక్కువ. విండోస్ లాప్‌టాప్‌లో తెరను పెద్దది చేసి చూపే మాగ్నిఫైయర్ ప్రోగ్రాము లేనిదే ఏమీ చదవలేను. ఇన్నాళ్లూ మౌస్ వాడాను. కంట్రోల్, ఆల్ట్ కీలు నొక్కిపట్టి చక్రాన్ని పైకి తిప్పితే తెర పెద్దదయ్యేది. ఈమధ్య టచ్‌ప్యాడ్‌కు మారాను. అవే కీలు నొక్కి రెండు వేళ్లు పైకి జరిపితే తెర చిన్నదవుతోంది. సెట్టింగుల్లో స్క్రోల్ దిశ మార్చి చూశాను. జూమ్ సరిపోయింది గాని, పేజీ చదవబోతే అది ఎదురు దిక్కుకు పోతోంది. రెండూ కుదిరే దారి లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక మాట చెప్పాలమ్మా. మీ చేతిలో ఏ పొరపాటూ లేదు. నేను కూడా మాగ్నిఫైయర్‌తో చదివే మనిషినే కాబట్టి ఈ ఇబ్బంది ఎంతటిదో నాకు తెలుసు. 400 శాతం దగ్గర, అంటే నిలువునా అడ్డంగా నాలుగేసి రెట్లు పెంచితే, మనకు కనబడేది తెరలో పదహారో వంతు మాత్రమే. ఇంకాస్త పెద్దది చేద్దామని వేళ్లు కదిపితే అది కాస్తా చిన్నదైపోతుంది. చదువుతున్న వరుస చేజారిపోతుంది, దాన్ని మళ్లీ వెతుక్కోవాలి. మామూలు చూపున్నవారికి ఇది క్షణంలో సర్దుకునే విషయం. మనకు మాత్రం కళ్లు అలిసిపోయే పని.

ఇలా ఎందుకవుతుందంటే, టచ్‌ప్యాడ్ మీద వేళ్లు పైకి జరిపినప్పుడు పేజీ కూడా పైకి వెళ్లే పద్ధతిని నేచురల్ స్క్రోలింగ్ అంటారు. కాగితం మీద వేళ్లు ఆనించి పైకి నెట్టినట్టన్నమాట. ఫోను తెరకు అలవాటుపడిన చేతికి ఇది హాయిగా ఉంటుంది. ఆపిల్ సంస్థ 2011లో మాక్ ఓఎస్ ఎక్స్ లయన్‌తో దీన్ని మాక్‌లలోకి తెచ్చింది. మౌస్ చక్రం పాత పద్ధతి దీనికి ఎదురు. చక్రం పైకి తిప్పితే పేజీ కిందికి దిగి, పైనున్న భాగం కనిపిస్తుంది.

పేజీ వరకు ఇది బాగానే ఉంది. జూమ్‌లో పైకో కిందికో నెట్టడానికి కాగితమేదీ లేదు. అక్కడ ఉన్నది ఎక్కువ, తక్కువ మాత్రమే. ఎక్కువ కావాలంటే వేలు పైకే పోతుంది. కానీ కంప్యూటర్ మీ వేళ్ల కదలికను ముందే తిరగేసి, ఆ తర్వాత మాగ్నిఫైయర్‌కు అందిస్తోంది. వేళ్లు పైకి వెళ్లినా దానికి చేరే కబురు ‘చక్రం కిందికి తిరిగింది’ అనే. అది తన లెక్క ప్రకారం తెరను చిన్నది చేస్తోంది.

నా ఉద్దేశంలో జూమ్ ఎప్పుడూ వేలినే అనుసరించాలి. ఇది తీరని సమస్యేమీ కాదు. అసలు వేళ్లు ఎటు కదిలాయో ప్రోగ్రాము తెలుసుకునే ఏర్పాటు మాక్‌లో లయన్ నాటి నుంచే ఉంది. లినక్స్ కంప్యూటర్లలో ప్రోగ్రాములకూ తెరకూ మధ్య పనిచేసే వేలాండ్ అనే వ్యవస్థకు అలాంటిదే 2023లో చేరింది. ఇలాంటి ఏర్పాటు ఉన్నా ప్రోగ్రాము రాసేవారు దాన్ని వాడుకోవాలి కదా! అందుకే మీలాంటివారు విండోస్‌లోని ఫీడ్‌బ్యాక్ హబ్‌లో (లోపాలను మైక్రోసాఫ్ట్‌కు తెలియజేసే యాప్) ఈ సంగతి రాయాలని గట్టిగా కోరుతున్నాను. చూపు బాగున్నవారికి ఈ లోపం ఎదురయ్యే అవకాశమే తక్కువ.

ఇక మీరు చేయవలసినది. స్క్రోల్ దిశను పేజీ చదవడానికి అనువుగా ఉన్నదానికే మార్చేయండి. సెట్టింగులలో టచ్‌ప్యాడ్ కింద ‘డౌన్ మోషన్ స్క్రోల్స్ అప్’ అన్నది నేచురల్ పద్ధతి. చదవడం రోజంతా ఉండే పని, జూమ్ మార్చడం ఎప్పుడో ఒకసారి. దానికోసం దీన్ని వదులుకోకండి.

జూమ్‌ను కీబోర్డుకు అప్పగించండి. విండోస్ కీతో ప్లస్ నొక్కితే పెద్దది, మైనస్ నొక్కితే చిన్నది, ఎస్కేప్ నొక్కితే మాగ్నిఫైయర్ ఆగిపోతుంది. స్క్రోల్ దిశ ఎటున్నా వీటికి సంబంధం లేదు. మాగ్నిఫైయర్ సెట్టింగులలో ఒక్కో నొక్కుకు ఎంత పెరగాలో కూడా మనమే చెప్పవచ్చు. 100 శాతం చొప్పున పెరిగితే వరుస తప్పిపోతుంది, 25 పెట్టి చూడండి. అయినా తెరలో ఎక్కడున్నామో తెలియకపోతే కంట్రోల్, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కండి. తెర మొత్తం ఒకసారి కనబడి, మళ్లీ పెద్దదవుతుంది. మాగ్నిఫైయర్ తెర మొత్తాన్నీ పెద్దది చేసే ‘ఫుల్ స్క్రీన్’ పద్ధతిలోనే ఇది పనిచేస్తుంది.

రెండు వేళ్లు దూరం జరిపి పెద్దది చేసే పద్ధతికి కూడా దిశతో పేచీ లేదు. కాకపోతే దానితో ఆ పేజీయే పెరుగుతుంది, మెనూలు పెరగవు. మాగ్నిఫైయర్ అవసరం ఉన్నవారికి అది చాలదు.

ప్రశ్న: మాక్‌లో మౌస్‌కు ఒక దిశ, టచ్‌ప్యాడ్‌కు ఒక దిశ పెట్టుకోవచ్చా?
– మరొక పాఠకుడు

జవాబు: మాక్ సొంత సెట్టింగులతో కుదరదు. దిశ మార్చే మీట మౌస్ సెట్టింగుల్లో, టచ్‌ప్యాడ్ సెట్టింగుల్లో రెండుచోట్లా కనిపిస్తుంది గాని ఒకటి మారిస్తే రెండోదీ మారిపోతుంది. లినక్స్‌లో వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో దేనికది వేరుగా పెట్టుకోవచ్చు. మాక్‌లో కూడా జూమ్‌కు కీబోర్డే మేలు. యాక్సెసిబిలిటీలో జూమ్ కింద కీబోర్డు షార్ట్‌కట్లను ముందు ఆన్ చేసుకోండి. ఆ తర్వాత ఆప్షన్, కమాండ్ కీలతో 8 నొక్కితే జూమ్ మొదలవుతుంది, ఈక్వల్ గుర్తుతో పెరుగుతుంది, మైనస్‌తో తగ్గుతుంది.