జింకను గుద్దిన తమ్ముడికి: ముందు నీ ఇన్సూరెన్స్ కాగితం తీసి చూడు

తమ్ముడూ, ఆఫీసు నుంచి వస్తుంటే జింక అడ్డం వచ్చి గుద్దేశావనీ, పోలీసు కేసు అవుతుందేమో, వీసాకి ఇబ్బందేమో అని రెండు రాత్రులుగా నిద్ర లేదనీ రాశావు. కేసూ లేదు, వీసాకీ దీనికీ సంబంధమూ లేదు. అమెరికాలో రోడ్డు మీదకి దూకిన జింకను గుద్దడం ప్రమాదమే గానీ నేరం కాదు. ఎవరికి తెలియజేయాలో మీ రాష్ట్రం సైట్‌లో ఉంటుంది, చూసుకో. కానీ అసలు అడగాల్సింది నువ్వు అడగలేదు. నీ పాలసీలో కాంప్రహెన్సివ్, అంటే జింక తగలడం లాంటి వాటి వల్ల మన బండికి జరిగే నష్టానికి ఇచ్చే కవరేజీ, ఉందా?

నేను 2010లో పెన్సిల్వేనియా వచ్చాను, హారిస్‌బర్గ్‌లో ఉద్యోగం. నాలుగు నెలలు కూడబెట్టి 4,300 డాలర్లకు పాత కారు కొన్నాను. అప్పుడు డాలరు 45 రూపాయలు, అంటే దగ్గర దగ్గర రెండు లక్షలు. ప్రతి ఖర్చునూ 45తో గుణించుకునే రోజులు, అందుకని నెలకు పాతిక డాలర్లు మిగులుతాయని లయబిలిటీ ఒక్కటే తీసుకున్నాను. లయబిలిటీ అంటే ఎదుటివాడికి మన వల్ల జరిగిన నష్టానికి మాత్రమే, మన బండికి పైసా రాదు. ఈ సంగతి అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నవంబరులో ఒక ఆదివారం స్టేట్ కాలేజీలో ఫ్రెండ్‌ని చూసి 322 హైవే మీద తిరిగి వస్తున్నాను. లూయిస్‌టౌన్ దాటాక లైట్ల వెలుగులో ఒక జింక అడ్డంగా పరుగెత్తింది. బ్రేక్ వేశాను, తప్పించుకుంది, హమ్మయ్య అనుకుని మళ్లీ యాక్సిలరేటర్ నొక్కాను. రెండోది అప్పుడు వచ్చింది. అవి గుంపులుగా తిరుగుతాయి, ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉందనే అనుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాటికి జత కట్టే కాలం, పైగా నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరపడంతో మనం ఇల్లు చేరే వేళ, అవి బయటికొచ్చే సందె వేళ ఒకటవుతాయి. నీకూ అదే జరిగింది.

నేను దిగి దాని దగ్గరికి వెళ్లాను. ఇంకా ప్రాణం ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, ముందు కాళ్లతో తారును గీరుతోంది, ముక్కు దగ్గర ఆవిరి. నీళ్ల సీసా పట్టుకుని ఒంగుతుంటే వెనక ఆగిన ట్రక్కు డ్రైవరు గట్టిగా అరిచి నన్ను వెనక్కి పిలిచాడు. దెబ్బ తిన్న జింక ఒక్క తన్ను తన్నిందంటే మన ఎముక విరుగుతుంది. దాని కళ్లు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాయి. నువ్వు పాపం తగులుతుందా అని కూడా అడిగావు, ఆ బాధ నాకు తెలుసు, కానీ కావాలని చేసింది కాదు కదా.

పోలీసులంటే భయంతో 911కి, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చేయలేదు. రిపోర్టు లేదు. బంపరే కదా పోయింది అనుకుని అలాగే ఇంటికి బయల్దేరాను. లోపల రేడియేటరు పగిలిందని తెలియదు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకినా ఇంకా పది మైళ్లే కదా అని నడిపాను. ఇంజిను పట్టేసింది. టోయింగ్ బిల్లు కట్టి, ఆ కారును 300 డాలర్లకు జంక్‌యార్డుకి ఇచ్చేశాను. నాలుగు నెలల కష్టం ఒక్క సాయంత్రంలో పోయింది.

ఆ తర్వాత నేను నేర్చుకున్నాను, కాంప్రహెన్సివ్ తీసుకున్నాను. 2017లో మళ్లీ జింక తగిలింది, ఈసారి పక్కకు తిప్పకుండా, లేన్‌లోనే ఉండి, బ్రేక్ గట్టిగా తొక్కాను. రోడ్డు పక్కకి బండి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, 911కి చెప్పి, ఫొటోలు తీశాను. రిపేరు 5,800 అయింది, నా జేబులోంచి పోయింది 250 డాలర్ల డిడక్టబుల్, అంటే క్లెయిములో మన వంతు, ఒక్కటే. ప్రీమియం పెరగలేదు.

ఒక్క సంగతి కొత్తవాళ్లు పట్టించుకోరు. జింకను గుద్దితే అది కాంప్రహెన్సివ్ కింద వస్తుంది. దాన్ని తప్పించబోయి చెట్టుకి గుద్దితే కొలిజన్, అంటే మన బండి దేనికైనా ఢీకొంటే వచ్చే నష్టానికి ఉండే వేరే కవరేజీ, కింద వస్తుంది, అది మన తప్పు కింద లెక్కేస్తారు. అందుకే స్టీరింగ్ తిప్పొద్దని అంత గట్టిగా చెప్తున్నాను, డబ్బుకీ ప్రాణానికీ రెండింటికీ అదే మంచిది. లోన్ మీద కారు కొన్నవాళ్లకు బ్యాంకే రెండూ పెట్టించేస్తుంది. నగదు పెట్టి పాత కారు కొన్న మన కుర్రాళ్లే ఇక్కడ దెబ్బ తింటారు, మళ్లీ కొనుక్కునే స్తోమత లేనివాళ్లూ వాళ్లే. కొలిజన్ భారమనిపిస్తే అది తీసేసినా కాంప్రహెన్సివ్ ఉంచుకోవచ్చు, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, ఖర్చూ తక్కువే. యాప్‌లో ఐదు నిమిషాల్లో పాలసీ కొనేసి మళ్లీ తెరిచి చూడరు మీరు.

నీ పాలసీ మొదటి పేజీలోనే కవరేజీలన్నీ వరుసగా ఉంటాయి. అందులో కాంప్రహెన్సివ్ పక్కన ఎంత అంకె ఉందో చూసి నాకు రాయి. బండి కింద ఏదైనా కారుతుంటే మాత్రం అంతవరకు స్టార్ట్ చేయకు.