బేస్‌బాల్ ఆడతాడట, తర్వాత కోచ్ అవుతాడట!

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి, స్కూల్ టీమ్‌లో సెంటర్ ఫీల్డ్ (మైదానం వెనక భాగంలో మధ్యన కాచే చోటు) ఆడతాడు. బాగా పరిగెత్తుతాడు గానీ బంతిని దూరం కొట్టలేడు. కాలేజీలోనూ బేస్‌బాల్ ఆడి, ఆ తర్వాత కోచ్ అవుతానంటున్నాడు. కంప్యూటర్ సైన్స్ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ టెన్షన్‌లో తప్పేం లేదండీ. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లు, జట్టుకు 26 మంది. డొమినికన్ రిపబ్లిక్, వెనెజువెలా, జపాన్ కుర్రాళ్లు పోటీపడేదీ ఆ చోట్లకే. మీ ఊళ్లోనే డబుల్-ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింది స్థాయి) జట్టు రఫ్‌రైడర్స్ ఉంది కదా. 2023 ఒప్పందం ప్రకారం ఆ స్థాయి ఆటగాడికి ఏడాదికి వచ్చేది 30 వేల డాలర్ల పైచిలుకు. వసతి క్లబ్బే చూస్తుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఫ్రిస్కో అద్దెలకే చాలా భాగం పోయేది.

అలాగని మీవాడిది గాలిమేడ కాదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు మేనేజర్ (బేస్‌బాల్‌లో హెడ్ కోచ్ లాంటివాడు) డేవ్ రాబర్ట్స్ సంగతి చూడండి. ఆయనా మీవాడిలా మైదానం వెనక భాగంలో కాచే అవుట్‌ఫీల్డరే, ఆయన బలమూ కాళ్లే. యూసీఎల్ఏ జట్టులోకి స్కాలర్‌షిప్ లేకుండానే వచ్చాడు, హిస్టరీలో డిగ్రీ తీసుకున్నాడు. 1994 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేది) 28వ రౌండ్‌లో గానీ పేరు రాలేదు. మేజర్ లీగ్ గడప తొక్కేసరికి 27 ఏళ్లు. పదేళ్లలో ఐదు జట్లు మారాడు. మొత్తం హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించిన షాట్లు) 23, స్టీల్ చేసిన బేసులు, అంటే బ్యాటర్ కొట్టకముందే పరిగెత్తి చేరిన తర్వాతి బేసులు, మాత్రం 243.

డాడ్జర్స్‌లో ఉన్నప్పుడు ఆయనకు స్టీలింగ్ మెళకువలు నేర్పింది మోరీ విల్స్, 1962లో 104 బేసులు స్టీల్ చేసిన మనిషి. ఆ చదువు 2004 అక్టోబర్‌లో అక్కరకొచ్చింది. అప్పటికి ఆయన బోస్టన్ రెడ్‌సాక్స్‌కు మారాడు. యాంకీస్‌తో సిరీస్‌లో రెడ్‌సాక్స్ 0–3తో వెనకబడి, ఇంకొకటి ఓడితే ఇంటికే అన్న స్థితిలో, నాలుగో మ్యాచ్ చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు తేడాతో ఓడిపోయేలా ఉంది. అప్పటిదాకా బెంచ్ మీదున్న రాబర్ట్స్‌ను ఫస్ట్ బేస్‌లో రన్నర్‌గా దించారు. పరిగెత్తుతాడని స్టేడియమంతటికీ తెలుసు. పిచ్చర్ మరియానో రివేరా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కే బంతి విసిరి చూశాడు. బ్యాటర్‌కు మొదటి బంతి వేయగానే ఈయన సెకండ్ బేస్ చేరిపోయాడు, తర్వాతి హిట్‌కు స్కోరు సమమైంది. రెడ్‌సాక్స్ ఆ మ్యాచే కాదు, సిరీసూ, 1918 తర్వాత మొదటిసారి మేజర్ లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీసూ గెలిచింది.

ఆట మానేశాక రాబర్ట్స్ శాన్ డియెగో జట్టులో ఫస్ట్ బేస్ కోచ్, ఆపైన బెంచ్ కోచ్ (మేనేజర్‌కు సహాయకుడు). 2016 సీజన్ నుంచి డాడ్జర్స్ మేనేజర్. 2020, 2024, 2025 టైటిళ్లు ఆయన హయాంలోవే. మన దగ్గరా, హైదరాబాద్‌కు రంజీ ఆడిన ఆర్. శ్రీధర్ భారత జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఆ జట్టు ఫీల్డింగ్ కోచ్ అయ్యారు. బెంచ్ మీద కూర్చుని ఆటను చదివేవాడికి అదే ట్రైనింగ్.

కాబట్టి ఆడనివ్వండి, డిగ్రీ మాత్రం పూర్తి చేయాలని ఒప్పించండి. టెక్సస్ పబ్లిక్ హైస్కూళ్లలో కోచ్ సాధారణంగా టీచర్ కూడా, కాబట్టి టీచింగ్ సర్టిఫికెట్ ఉంటే దారి సులువు. కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), స్టాటిస్టిక్స్ కూడా మంచివే. కంప్యూటర్ సైన్స్ గొడవ కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఈ సీజన్‌లో ఓసారి రఫ్‌రైడర్స్ ఆటకు తీసుకెళ్లి చేతికో నోట్‌బుక్ ఇవ్వండి. ఒక్కో బ్యాటర్‌కు సెంటర్ ఫీల్డర్ ఎటు, ఎన్ని అడుగులు జరిగాడో రాయమనండి. రెండో ఇన్నింగ్స్‌కే ఫోన్ తీశాడా, కోచింగ్ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. చివరిదాకా రాశాడంటే, ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లి వాళ్ల స్కూల్ కోచ్‌కు చూపించమనండి.