కొరియా పాటల పిచ్చిలో పిల్లలు చెడిపోతున్నారా?

చిత్తూరు నుంచి ఒకన్న అడిగారు: ఇంటర్ చదివే కూతురు పొద్దస్తమానం కొరియా పాప్ వింటోంది, ఈ పాటలు పిలకాయలను చెడగొడతాయా అని.

అన్నా, తిరుపతి బాలాజీ కాలనీలో నాది సెల్ షాపు. ఒకప్పుడు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించేవాణ్ని (కాపీరైటు సంగతి అడగొద్దు). ఆటో అన్న అయినా, హాస్టల్ కుర్రాడైనా "కొత్తవి వెయ్యన్నా" అనేవాళ్లు. కొత్తవంటే సినిమా పాటలే. నగరి, పుత్తూరు వాళ్లయితే సగం కార్డు తమిళానికి వదలమనేవాళ్లు. సింగర్ స్మిత లాంటి వాళ్లు పాప్ ఆల్బమ్‌లు చేసినా, మన దగ్గర పాప్ చేయాల్సిన పని సినిమా పాటే చేసేసింది. గంగ జాతరలో తండ్రీ కొడుకూ ఒకే పాటకు ఊగేవాళ్లు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, కార్డుల బేరం పోయింది. ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి. తర్వాత యూనివర్సిటీ ఆడపిల్లలు బీటీఎస్ పౌచ్‌లు అడగడం మొదలైంది. 2013లో మొదలై, 2020లో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కిన కొరియా పాటల బృందం అది. ఒకసారి ఒకమ్మాయి ఆ బృందంలో పాడే జిమిన్ బొమ్మ ఉన్న పౌచ్ తిప్పి చూసి "జిమిన్ కన్ను దగ్గర ప్రింట్ చెదిరిందన్నా, వేరేది ఇవ్వు" అంది. పక్కన ఛార్జర్ కోసం నిలబడిన ఇంకో పిల్ల "నీకూ జిమినేనా?" అంది. ఒకామెది మదనపల్లె, ఒకామెది సూళ్లూరుపేట. ముక్కూ మొహం తెలియని వాళ్లు హాస్టల్ టైం కూడా మర్చిపోయి మాట్లాడుకున్నారు. కొత్త ఊళ్లో ఆ మాత్రం తోడు దొరకడం తక్కువేమీ కాదు.

భాష రాని పాటేమిటి అంటారేమో. మనం హిందీ పాటలు అర్థమయ్యే పాడామా? ఇక గొడవలంటారా, హీరోల ఫ్లెక్సీల దగ్గర జరిగేవి మీరూ చూశారు. బీటీఎస్ పౌచ్ కొన్న పిల్ల ఎవరి ఫ్లెక్సీ అయినా చించినట్టు నేనైతే వినలేదు.

నాకు అనుమానం ఇంకోచోట ఉంది. కొరియా పాటల కంపెనీలు చిన్న వయసులోనే పిల్లల్ని తీసుకుని, ఏళ్ల తరబడి ట్రెయినింగ్ ఇచ్చి స్టేజీ మీదికి దించుతాయి. ఆట, పాట, మొహం అన్నీ చెక్కి పెట్టిన సరుకే. ఆ నున్నటి చర్మం చూసి మన పిల్లలు అద్దం ముందు దిగులు పడితే, క్రీములకు డబ్బు తగలేస్తే, అక్కడ మాట్లాడండి. పాట ఆపమని మాత్రం అనకండి. ఫోను లాక్కుంటే పక్క పిల్ల ఫోన్లో వింటుంది, మీకు చెప్పడం మానేస్తుంది.