200 ఆంప్స్ సర్వీస్‌కి గ్రౌండ్ వైర్ నంబర్ 4 వేయాలా, నంబర్ 6 చాలా?

అమెరికాలోని మీ ఇంటికి సర్వీస్ (వీధి లైన్ నుంచి ఇంటికొచ్చే కరెంట్ కనెక్షన్) 100 ఆంప్స్ నుంచి 200కి పెంచుతున్నారు. అక్కడ వైర్ నంబర్ తగ్గేకొద్దీ వైర్ లావవుతుంది, అంటే 6 కంటే 4 లావు. ఒక ఎలక్ట్రీషియన్ నంబర్ 6 కాపర్ చాలన్నాడు, ఇంకొకాయన నంబర్ 4 లేకపోతే ఇన్‌స్పెక్షన్ పాసవదన్నాడు. ఎవరిని నమ్మాలని అడిగారు. ఇద్దరినీ నమ్మొచ్చండి. మొదటాయన గ్రౌండ్ రాడ్‌కి (మట్టిలో దించే లోహపు కడ్డీకి) వెళ్ళే వైర్ గురించి చెప్పి ఉంటాడు, రెండో ఆయన మంచినీళ్ళ పైపుకి వెళ్ళే వైర్ గురించి.

మా ఇంటికి ఇదే పని చేయించినప్పుడు నేనూ బ్రేకర్ సైజుని బట్టి గ్రౌండ్ వైర్ ఉంటుందేమో అనుకున్నాను. సర్వీస్ దగ్గర లెక్క అది కాదు. ఎన్‌ఈసీ అనే అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్‌లో 250.66 అనే టేబుల్ ఉంది. అది చూసేది మీటర్ వైపు నుంచి వచ్చే హాట్ వైర్ ఎంత లావుందనే. 200 ఆంప్స్ ఇంటికి మామూలుగా 2/0 కాపర్ గానీ 4/0 అల్యూమినియం గానీ వేస్తారు (ఇవి నంబర్ 1 కంటే లావు సైజులు). రెండిటికీ ఆ టేబుల్ ఇచ్చే జవాబు ఒకటే: నంబర్ 4 కాపర్. మీ పాత 100 ఆంప్స్ సర్వీస్‌కి నంబర్ 8 సరిపోయేది. అందుకే పాత గ్రౌండ్ వైర్‌ని అలాగే ఉంచేద్దామంటే కుదరదు.

మరి రాడ్‌కి నంబర్ 6 ఎలా ఒప్పుకుంటారు? కోడే ఆ మినహాయింపు ఇచ్చింది. ఒక్కసారి లెక్కేసి చూడండి. రాడ్‌కీ మట్టికీ మధ్య 25 ఓమ్స్ రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 120 వోల్ట్‌ల హాట్ వైర్ తెగి నేరుగా ఆ రాడ్ మీద పడినా పారేది 4.8 ఆంప్సే. 20 ఆంప్స్ బ్రేకర్ కూడా పడదు! మట్టి అంతకంటే తీసుకోలేనప్పుడు వైర్ ఎంత లావుగా వేసినా ఉపయోగం లేదు. రాడ్ ఉన్నది పిడుగులకీ, బయటి లైన్లలో వచ్చే సర్జ్‌లకీ. ఇంట్లో షార్ట్ అయితే బ్రేకర్‌ని పడేసేది రాడ్ కాదు, మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ గ్రౌండ్‌నీ కలిపే బాండింగ్. చాలామంది ఎలక్ట్రీషియన్లే దీన్ని తిరగేసి చెబుతుంటారు.

ఒక మెలిక ఉంది. ప్యానెల్ నుంచి రాడ్‌కి వెళ్ళిన వైర్ అక్కడే ఆగిపోతేనే నంబర్ 6. అదే వైర్ రాడ్ మీదుగా నీళ్ళ పైపు దాకా సాగితే మొత్తం నంబర్ 4 ఉండాలి. పునాది కాంక్రీట్‌లోని ఇనుప కడ్డీకి కలిపే వైర్ మాత్రం నంబర్ 4 దాటనక్కర్లేదు.

మా ఇంట్లో ఇన్‌స్పెక్టర్ ప్యానెల్ కంటే ముందు బేస్‌మెంట్‌లో పైపు దగ్గరికి వెళ్ళాడు. లోపల కాపర్ పైపే, కానీ వీధి నుంచి వచ్చేది ప్లాస్టిక్. భూమిలో కనీసం 10 అడుగుల లోహపు పైపు లేకపోతే అది ఎలక్ట్రోడ్ (కరెంట్‌ని మట్టిలోకి దించే భాగం) కిందికి రాదు. హమ్మయ్య, ఆ వైర్ ఖర్చు తప్పిందనుకున్నాను. తప్పలేదు! లోపలి లోహపు పైపుల్ని ఎలాగూ బాండ్ చేయాలట, దానికీ నంబర్ 4 కాపరే. ఎలక్ట్రోడ్‌గా మిగిలింది రాడ్లే కాబట్టి రెండు రాడ్లు, కనీసం 6 అడుగుల దూరంలో వేయించాం. ఒక్క రాడ్‌తోనే సరిపెట్టాలంటే 25 ఓమ్స్ లోపు వస్తుందని కొలిచి చూపించాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు, రెండోది దించేయడమే తేలిక.

పాత వైర్ సరైన సైజులోనే ఉండి కొత్త ప్యానెల్ దాకా అందకపోతే మామూలు కనెక్టర్‌తో అతుకు వేయనివ్వకండి. మళ్ళీ ఊడదీయలేని క్రింప్ గానీ వెల్డ్ గానీ అయితేనే ఒప్పుకుంటారు.

బ్రేకర్‌ని బట్టి చూసే టేబుల్ వేరే ఉంది, 250.122. సబ్‌ప్యానెల్‌కీ (మెయిన్ ప్యానెల్ నుంచి కరెంట్ తీసుకునే రెండో ప్యానెల్), లోపలి సర్క్యూట్లకీ అది: 20 ఆంప్స్‌కి నంబర్ 12 కాపర్, 60కి నంబర్ 10, 100కి నంబర్ 8. సబ్‌ప్యానెల్‌లో న్యూట్రల్, గ్రౌండ్ విడివిడిగా ఉండాలి.

ఏ సంవత్సరపు కోడ్ అమల్లో ఉందనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్ని ఊళ్ళు సొంత నిబంధనలూ కలుపుతాయి. పర్మిట్ ఆఫీసుకి ఒక ఫోన్ చేయండి. ఆ ఇద్దరినీ మాత్రం ఏ వైర్ ఎక్కడికి వెళ్తుందో, ఏ సైజో కోట్‌లో విడివిడిగా రాసిమ్మనండి. అప్పుడు రేట్లు పోల్చి చూడొచ్చు.