బాంబుల మధ్యకు చెక్క ఓడా?

ప్రశ్న: మా బావ విశాఖలో నేవీలో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు, సముద్రంలో మైన్లు (ఓడల్ని పేల్చడానికి నీళ్లలో దాచిపెట్టే బాంబులు) తీసే ఓడల్ని కొన్ని దేశాలు చెక్కతో కడతాయన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడా?
- ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: లేదండీ, మీ బావగారు చెప్పింది నిజమే. అమెరికా అవెంజర్ తరగతి ఓడలు చెక్కవే, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు ఉంటుంది. దెబ్బ తట్టుకోవడానికి కాదు, అసలు మైన్‌కి దొరక్కుండా ఉండటానికి. సముద్రం అడుగున పడుండే మైన్లకి ఓడ వచ్చి తగలక్కర్లేదు, పైనుంచి అంత ఇనుము వెళ్తుంటే అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడానో, ఇంజిన్ చప్పుడునో, నీటి ఒత్తిడిలో మార్పునో పసిగట్టి పేలిపోతాయి. అందుకే ఇనుము తగ్గిస్తారు, మిగిలినదాని ప్రభావాన్ని కరెంటు తీగచుట్టలతో చంపేస్తారు.

ఇక తీయడం. లంగరుకి కట్టి నీళ్లలో నిలబెట్టే రకానికైతే ఓడ వెనకాల కత్తెరలున్న ఉక్కు తీగని ఈడ్చుకుపోతారు, కట్టు తెగి మైన్ పైకి తేలగానే దూరం నుంచి తుపాకీతో కాల్చేస్తారు. పాతకాలం సరుకని తీసిపారేయకండి, 1988లో పర్షియన్ గల్ఫ్‌లో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా యుద్ధనౌక నడుం విరగ్గొట్టింది 1908 నాటి డిజైన్ మైనే.

అడుగున ఉన్నవే అసలు తలనొప్పి. అయస్కాంత క్షేత్రం పుట్టించే కేబుల్‌నీ, చప్పుడు చేసే పరికరాన్నీ లాగుతూ పెద్ద ఓడేదో వచ్చిందని వాటిని బురిడీ కొట్టించొచ్చు. కానీ కొన్ని మైన్లు ఓడల్ని లెక్కపెడతాయి! మొదట వచ్చినవాటిని పోనిచ్చి ఏ ఐదోదాని కిందో పేలతాయి, కాబట్టి ఒకసారి తిరిగేసి దారి క్లియర్ అనడానికి లేదు, అక్కడే మళ్లీ మళ్లీ తిరగాలి. అందుకే ఇప్పుడు వెతికి పట్టుకోవడమే ఎక్కువ. సోనార్‌తో, అంటే శబ్దాన్ని పంపి దాని ప్రతిధ్వనితో వస్తువుల్ని కనిపెట్టే పరికరంతో, నెమ్మదిగా అడుగంతా గాలించి, అనుమానం వచ్చినచోటికల్లా కెమెరా ఉన్న చిన్న రిమోట్ వాహనాన్ని పంపుతారు. తీరా చూస్తే అది ఏ తుప్పు పట్టిన డ్రమ్మో కావచ్చు. మైనే అయితే పక్కన పేలుడు మందు పెట్టి, దూరం జరిగాక పేల్చేస్తారు.

మన నేవీ దగ్గర సోవియట్ యూనియన్ నుంచి కొనుక్కున్న మైన్లు తీసే ఓడలు పన్నెండు ఉండేవి, వాటిలో ఒకదాని పేరు ఐఎన్‌ఎస్ కాకినాడ. ఆఖరిదైన కోజికోడ్ 2019లో రిటైరైంది. కొరియా కంపెనీతో కలిసి గోవా షిప్‌యార్డులో కొత్తవి కట్టాలనుకున్నారు గానీ బేరం తెగక 2018లోనే అది రద్దయింది. ఇన్ని రేవులున్న దేశం ఈ పనికంటూ ఒక్క ఓడ లేకుండా నెట్టుకురావడం నాకైతే మింగుడుపడదు. 2025 జులైలో రక్షణ శాఖ కొత్తవాటికి ప్రాథమిక అనుమతి ఇచ్చింది. టెండర్లు, ఒప్పందం, కట్టడం అన్నీ దాని తర్వాతే.