గూడెం పెద్దలను అడగాలా?

ప్రశ్న: మన్యం గూడేల్లో రక్తహీనతపై పరిశోధన చేయబోతున్నాను. ఒక్కొక్కరి సంతకం తీసుకుంటున్నప్పుడు గూడెం పెద్దల అనుమతి కూడా ఎందుకండీ?

జవాబు: అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవసుపాయ్ తెగవారు కూడా సంతకాలు పెట్టినవారే. తమవారిని మధుమేహం ఎందుకింతగా పీడిస్తోందో తెలుస్తుందన్న ఆశతో 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్నే స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి, రక్తసంబంధీకుల మధ్య సంతానం, పూర్వికుల వలసల వంటి అంశాల అధ్యయనానికీ వాడారన్న సంగతి, 2003లో ఆ తెగకు చెందిన ఒకామె విశ్వవిద్యాలయంలో ఒక సిద్ధాంత వ్యాస సమర్పణకు వెళ్లి కూర్చున్నప్పుడు బయటపడింది. తమ పుట్టుక ఆ లోయలోనే అని నమ్మేవారిని, మీరు వలస వచ్చినవారని వారి రక్తంతోనే చెప్పించడం చిన్న గాయం కాదు; అది సంతకం పెట్టినవారికే కాక తెగ మొత్తానికీ తగులుతుంది. వారు సంతకం పెట్టిన సమ్మతి పత్రంలోని మాటలు మాత్రం ఎన్ని రకాల రుగ్మతలకైనా సరిపోయేంత విశాలంగా ఉన్నాయి! 2010లో విశ్వవిద్యాలయంతో రాజీ కుదిరి, 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు, తెగకు మిగిలిన రక్త నమూనాలు దక్కాయి.

మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా గిరిజన పెద్దల అనుమతినీ, వ్యక్తుల సమ్మతినీ వేర్వేరుగా కోరుతున్నాయి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు. కాబట్టి ప్రశ్నావళి అచ్చు వేయించకముందే గూడేనికి వెళ్లి, రక్తం ఎన్నాళ్లు దాస్తారో, ఫలితాలు ముందుగా ఎవరికి చెబుతారో వారి భాషలోనే మాట్లాడుకోండి.