హెరాల్డ్ కారు: కొత్త ఆయిల్ పంపు వేసినా ఆయిల్ లైటు ఆరకపోతే

పంపు చెడిపోయి ఉండకపోవచ్చు, లోపల ఆయిల్ పోయకుండా పొడిగా బిగించి ఉంటారు. కొత్తది వేశాక కూడా లైటు వెలుగుతూనే ఉందంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

1. ఇంజిన్ ఇక స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి.

2. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి పంపు విప్పండి. రోటర్ల (పంపు లోపల తిరిగే భాగాల) మధ్య ఇంజిన్ ఆయిల్ నిండుగా పోసి చేత్తో తిప్పండి. అవతలి రంధ్రం నుంచి ఆయిల్ ఉబికి వచ్చాకే బిగించండి. మెకానిక్కులు కూడా తొందరలో దాటేసేది ఇదే. ఎండు రోటర్లు గాలిని నమిలినట్టు తిరుగుతాయి తప్ప ఆయిల్‌ను పైకి లాగలేవు. గ్రీజు మాత్రం కూరకండి, దారులు మూసుకుపోతాయి.

3. సంపు గ్యాస్కెట్ కొత్తదే వేయండి, చెన్నైలోని పాత బండ్ల విడిభాగాల బజారు పుదుపేటలో అడిగి చూడండి. ఆయిల్ నింపండి.

4. కాయిల్ తీగ, స్పార్క్ ప్లగ్గులు తీసి, స్టార్టర్‌తో ఆగి ఆగి తిప్పండి. లైటు ఆరాకే ప్లగ్గులు పెట్టండి.

అప్పటికీ ఆరకపోతే పంపు ఆయిల్ పీల్చే గొట్టం అతుకు దగ్గర గాలి చొరబడుతోందేమో చూడండి.